మార్గరెట్ గారి ఏడు మెట్లు

కెనడా వెళ్ళొచ్చానని తెలిసినవాళ్ళంతా మొదట అడిగేది నయాగరా గురించి. చూడలేదండీ అంటే జాలిగా చూస్తారు. తిరుపతి వెళ్ళి దర్శనం మానేసి గుండు మాత్రం చేయించుకొచ్చినట్టుందని మా పక్కింటి సుబ్బలక్ష్మి నా మొహం మీదే అనేసింది. నేను వెళ్ళిన హాలిఫాక్స్‌కీ నయాగరాకీ మధ్య ఇంచుమించు కాకినాడ నుంచి ఢిల్లీ అంత దూరం ఉందని చెప్పినా ఎవరూ వినిపించుకోరు. అయినా నేను చూడాల్సింది చూసే వచ్చాను. అది సరిగ్గా ఏడు మెట్ల ఎత్తు ఉంటుంది. ఇప్పుడు చెప్పబోయేది దాని గురించే.

ముందు నా గురించి రెండు ముక్కలు. కాకినాడలో ఆడపిల్లల హాస్టల్‌కి ముప్పై ఏళ్ళు వార్డెన్‌గా చేసి రిటైరయ్యాను. ఎవరైనా ఏదైనా తప్పుగా చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు. ఉద్యోగం పోయినా ఆ గుణం పోలేదు. ఫిబ్రవరిలో మా చెల్లెలు సుజాతని చూడటానికి వెళ్తూ ఆ గుణాన్ని కూడా వెంట తీసుకెళ్ళాను.

ఆదివారం: దిగీ దిగగానే

సుజాత అక్కడ ఒక ల్యాబ్‌లో పనిచేస్తుంది. మా మరిది మురళి యూనివర్సిటీలో పాఠాలు చెబుతాడు. ఇల్లు డార్ట్‌మత్‌లో, అంటే హార్బరుకి ఇటువైపు, అటువైపు హాలిఫాక్స్. ఎయిర్‌పోర్టులోనే సుజాత నాకు ఒకదాని మీద ఒకటి నాలుగు పొరలు తొడిగి, ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు మెడకి మఫ్లర్ బిగించింది. కారు దిగేటప్పుడు వంగలేక సీటులోంచి దొర్లాను.

నేను దొర్లిన చప్పుడుకి పక్కింటి వరండాలోంచి ఒక సన్నటి గొంతు పలికింది.

"సుజాతా, ఆ పడింది మనిషా, సూట్‌కేసా?"

అలా పరిచయమయ్యారు మార్గరెట్ గారు. డెబ్భై తొమ్మిదేళ్ళు, ఒంటరి మనిషి. భర్త నేవీలో చేసి పోయారు. అక్కడ అందరూ ఆవిణ్ణి ఉత్త 'మార్గరెట్' అనే పిలుస్తారు, చిన్నపిల్లలు కూడా. నాకు నోరు రాక చివర గారు తగిలించాను, ఆవిడ ఏమీ అనుకోలేదు. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే అయినా నా చెవికి మా పెద్దత్త మాట్లాడినట్టే ఉండేది. అందుకని ఇక్కడ తెలుగులోనే చెబుతాను.

నా పేరు అడగకముందే ఆవిడ నాకు చెప్పిన సంగతి ఇది: "గురువారం నాకు కంటి ఆపరేషన్. పద్నాలుగు నెలలు ఎదురుచూస్తే వచ్చింది డేటు."

శుక్లాలు. మా ఊళ్ళో అయితే సోమవారం చూపించుకుని, బుధవారం చేయించుకుని, ఆదివారానికల్లా సీరియల్ చూస్తూ ఉంటారు. పద్నాలుగు నెలలేమిటని ఇంట్లోకి రాగానే సుజాతని నిలదీశాను.

"ఇక్కడ ఆపరేషన్‌కి పైసా కట్టక్కర్లేదక్కా. కాకపోతే వెయిటింగ్ లిస్ట్. ఆ డేటు మిస్సయితే మళ్ళీ ఎప్పుడిస్తారో ఎవరికీ తెలీదు. ఆవిడ చదవడం మానేసి రెండేళ్ళయింది. టీ పోసుకుంటే కప్పు నిండిందో లేదో వేలు పెట్టి చూసుకుంటుంది."

గురువారం తామే ఆసుపత్రికి తీసుకెళ్తామని సుజాతా, మురళీ ఎప్పుడో మాటిచ్చేశారట.

సోమవారం: పడవ మీద, బజార్లో

హాలిఫాక్స్ వెళ్ళడానికి వంతెనలున్నాయి, కానీ ఫెర్రీ ఎక్కాలి. టికెట్టు మూడు డాలర్ల లోపే. సిటీ బస్సులాగా జనం ఎక్కి, ఫోన్లు చూసుకుంటూ, సముద్రం వైపు తల కూడా తిప్పకుండా దిగిపోతారు. నేను మాత్రం కిటికీకి ముక్కు ఆనించి కూర్చున్నాను. పక్కన కూర్చున్న పెద్దాయన నా మఫ్లరు చూసి కొత్తదాన్నని గ్రహించినట్టున్నాడు.

"రేపు పెద్ద తుఫాను. చిప్స్ కొన్నారా?" అన్నాడు, ఎంతో శ్రద్ధగా.

వినికిడి లోపం నాదేమో అనుకున్నాను. కాదు. ఆ ప్రాంతంలో మంచు తుఫాను వస్తోందంటే చిప్స్ పాకెట్లు కొనుక్కోవడం ఆచారం. దానికి 'స్టార్మ్ చిప్స్' అని పేరు కూడా ఉంది. మా కాకినాడలో తుఫాను హెచ్చరికంటే కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, బియ్యం. ఇక్కడ సూపర్‌మార్కెట్లో ఒక పెద్దమనిషి ట్రాలీ చూశాను: ఒక పాల డబ్బా, ఒక బ్రెడ్డు, తొమ్మిది పాకెట్ల చిప్స్. ఊరితో పాటు మనమూ అని నేనూ మూడు పాకెట్లు తీసుకున్నాను. అందులో ఒకటి కెచప్ రుచి. టమాటా పచ్చడిలో ఉప్పనుకుని పంచదార పోసినట్టుంది. అయినా పాకెట్టు ఖాళీ అయింది.

ఇండియన్ కొట్లో కరివేపాకు రెండు రెమ్మలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి రెండున్నర డాలర్లు. మా పెరట్లో రోజూ ఊడ్చి పారేసేది గుర్తొచ్చి కడుపు తరుక్కుపోయింది. కొన్నాను, ఏం చేస్తాను.

మంగళవారం: తుఫాను

పొద్దున్నుంచి ఆకాశం బూడిదరంగులో మూసుకుపోయింది. మధ్యాహ్నం దాకా ఒక్క మంచు పలుకు కూడా పడలేదు. ఆ ఎదురుచూపుల్లో మేం ముగ్గురం చిప్స్ అన్నీ తినేశాం. తుఫాను వచ్చే వేళకి స్టార్మ్ చిప్స్ లేవు. సుజాత నా కరివేపాకు వేసి పప్పుచారు పెట్టింది, అది తాగుతూ కిటికీ దగ్గర కూర్చున్నాం. ఎదురిల్లు కాసేపు కనిపించింది, తర్వాత దాని పొగగొట్టం కనిపించింది, తర్వాత అదీ లేదు.

బుధవారం: వీధి వెతుక్కోవడం

తెల్లారేసరికి తుఫాను వెళ్ళిపోయింది, వెళ్తూ వీధిని కూడా తీసుకుపోయింది. కార్లు ఎక్కడున్నాయో గుట్టల్ని బట్టి ఊహించుకోవాలి. గోడలు లేవు, గేట్లు లేవు, ఎవరి హద్దు ఎక్కడో తెలీదు. సర్వేయర్లు చూస్తే గుండె ఆగిపోతుంది.

ఎనిమిదింటికల్లా ఇళ్ళలోంచి జనం బయటికొచ్చారు, అందరి చేతుల్లో పారలు. ఎదురింటి డగ్ అనే ఆయన, సిటీ బస్సు డ్రైవరు, మంచుని పీల్చి పక్కకి చిమ్మే యంత్రం ఒకటి తోసుకుంటూ వచ్చాడు. తన ఇంటి ముందు చేసుకుని ఆగలేదు. పక్కింటి ముందు చేశాడు, దాని పక్కింటి ముందు చేశాడు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఒకింటావిడ కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఆయనా ఊపాడు. అంతే, అయిపోయింది.

"లోపలికి పిలిచి కాఫీ అయినా ఇవ్వరేమిటి?" అని మురళిని అడిగాను.

"అలా ఏం ఉండదు వదినగారూ. చేసేస్తారు, వెళ్ళిపోతారు. మనం పెద్దగా థాంక్స్ చెబితే వాళ్ళే ఇబ్బంది పడతారు."

మా వైపు ఒకరి గ్యాస్ సిలిండరు గుమ్మం దాకా మోసిపెడితే ఆ సంగతి నాలుగు వీధులకి తెలియాలి, ఆర్నెల్లు నిలబడాలి. ఈ పద్ధతి నాకు కొత్తగా ఉంది, కొంచెం నచ్చింది కూడా.

నేనూ ఒక పార తీసుకున్నాను. మొదటి పార మంచు రోడ్డు మీద పోశాను. డగ్ పరిగెత్తుకొచ్చి, రోడ్డు మీద పోయకూడదన్నాడు. రెండోది పక్కకి పోశాను. అక్కడ మంటలార్పేవాళ్ళ నీళ్ళ పంపు ఉందట, దాన్ని కప్పెట్టకూడదట. మూడోది ఇంకో పక్కకి వేశాను, అది మురళి అరగంట కష్టపడి తీసిన దారి. మురళి మరిది మర్యాద కొద్దీ ఏమీ అనకుండా మళ్ళీ తీశాడు.

"వదినగారూ, మీకు సెపరేట్‌గా ఒక పని ఇస్తా. మార్గరెట్ మెట్లు మీవి."

ఆ ఇల్లు వాలు మీద ఉంది. వీధిలోకి దిగాలంటే ఏడు చెక్కమెట్లు, పక్కన కడ్డీ. వెనక తలుపు పిడి దాకా మంచులో కూరుకుపోయింది. కాబట్టి గురువారం ఆవిడ బయటికి రావాలంటే ఈ మెట్లే దారి. రెండు గంటలు పట్టింది. నడుము విరిగింది కానీ ఏడు మెట్లూ చెక్క కనబడేదాకా తీశాను. మార్గరెట్ గారు తలుపు తీసి, వేలు ముంచి కొలిచిన టీ ఇచ్చారు, దానితో బెల్లప్పాకంలాంటి మొలాసిస్ వేసి చేసిన నల్లటి రొట్టె. వేలి సంగతి తెలిసీ టీ మొత్తం తాగాను.

"రేపు నేను పెళ్ళికూతురిలా దిగొచ్చు ఈ మెట్లు" అన్నారు ఆవిడ, కాలితో పైమెట్టు తడుముతూ.

అదే సాయంత్రం: ఉప్పు

నాలుగున్నరకి కిటికీలోంచి చూస్తే, డగ్ మార్గరెట్ గారి మెట్ల మీద గుప్పెళ్ళతో ఏదో చల్లి వెళ్తున్నాడు. వెళ్ళి చూశాను. రాళ్ళ ఉప్పు. ప్రతి మెట్టు మీదా, దోసిళ్ళకొద్దీ.

ఇక్కడ నా మనసులో ఏం జరిగిందో దాచకుండా చెబుతాను. మా వైపు ఉప్పు తొక్కరు. కింద ఒలికితే ముందు ఎత్తి పక్కన పెడతారు. అందులోనూ దిష్టి తీసిన ఉప్పయితే ఎవరూ తొక్కని చోట పారబోస్తారు, దాటాల్సొస్తే చుట్టూ తిరిగి వెళ్తారు. ఇవన్నీ నమ్ముతావా అంటే నమ్మను. తొక్కుతావా అంటే తొక్కను. పద్నాలుగు నెలలు ఎదురుచూసి కంటి ఆపరేషన్‌కి వెళ్తున్న మనిషి, గడప దాటగానే ఏడు మెట్ల ఉప్పు తొక్కుకుంటూ వెళ్ళాలా? డగ్‌కి తెలియక చేశాడనుకున్నాను.

మంచు కరగడానికి ఉప్పు చల్లుతారని నాకు తెలీదా అంటే, తెలీదు. మా మెట్ల మీద మురళి చల్లింది నీలం రంగు గుళికలు. అదేదో మందనుకున్నాను.

సుజాత డ్యూటీలో ఉంది. మురళి నడుముకి ఆయింట్‌మెంట్ రాసుకుని పడుకున్నాడు. నేను చీపురు తీసుకెళ్ళి ఉప్పంతా ఊడ్చి ఎత్తేశాను. ఊడ్చాక కూడా తెల్లటి మరకలు. మంచి పనికి వెళ్ళే ఇంటి ముంగిలి అలా ఉంటుందా? రెండు బకెట్ల వేణ్ణీళ్ళు మోసుకెళ్ళి, పైమెట్టు నుంచి కిందదాకా కడిగి, సుజాత వంటింటి గుడ్డ పెట్టి తుడిచాను. మెట్ల మీంచి పొగలు లేస్తుంటే మా ఇంటి ముందు కళ్ళాపి చల్లినంత కళగా అనిపించింది. ముగ్గు పెట్టలేకపోయానే అని మాత్రం వెలితిగా ఉంది.

చేసిన సాయం చెప్పుకోకూడదు కదా. ఆ ఊరి పద్ధతి గౌరవించి, ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా వచ్చి పడుకున్నాను. నా జీవితంలో నేను నోరు మూసుకున్నది ఆ ఒక్క రాత్రే.

గురువారం: ఏడు మెట్లు

ఏడుంపావుకి మురళి మార్గరెట్ గారిని తీసుకురావడానికి వెళ్ళాడు. సుజాతా, నేనూ కారు దగ్గర నిలబడ్డాం. మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. మరుక్షణం నాకు ఆయన బూట్లు మాత్రమే కనిపించాయి, మిగతా మనిషి పక్కనున్న మంచుగుట్టలో ఉన్నాడు.

ఏడు మెట్లూ అద్దంలా మెరుస్తున్నాయి. రాత్రి చలి బాగా ముదిరింది. పైన వరండాలో మార్గరెట్ గారు కోటు తొడుక్కుని, చేతిసంచీ పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఏమైంది? ఎవరు పడ్డారు?"

"నేనే. బాగానే ఉన్నా" అన్నాడు మురళి గుట్టలోంచి.

డగ్ వచ్చాడు. మెట్లు చూసి బుర్ర గోక్కున్నాడు. "నేను రెండు డబ్బాల ఉప్పు చల్లానే! వాన కూడా పడలేదు." చూరు వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. ఇనప గడ్డపారతో కొట్టాడు. మంచు కాదు, చెక్క పెళ్ళలు లేచాయి. ఇంకో డబ్బా ఉప్పు తెచ్చి పోశాడు. ఇంత చలిలో అది పనిచెయ్యాలంటే చాలాసేపు పడుతుందన్నాడు. ఆసుపత్రిలో ఎనిమిదింటికి ఉండాలి.

నాకు అప్పటికి విషయం మొత్తం అర్థమైంది. ముప్పై ఏళ్ళు పిల్లల చేత తప్పులు ఒప్పించాను, నా వంతు వచ్చేసరికి నోరు పెగలలేదు. ఈలోపు డగ్ రెండో మెట్టు ఎక్కబోయి జారి, చేతికి దొరికినదాన్ని పట్టుకుని వేలాడాడు. అది మూడో మెట్టుకి అతుక్కుపోయిన ఒక గుడ్డ. గళ్ళ గుడ్డ.

"అక్కా, అది మన వంటింటి గుడ్డ కదూ?" అంది సుజాత.

అప్పుడు చెప్పేశాను. ఉప్పు, చీపురు, రెండు బకెట్లు, అన్నీ. సుజాత నెత్తి కొట్టుకుంది. డగ్ గుడ్డనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. మార్గరెట్ గారు పైనుంచి అన్నారు:

"కడిగావా? ఫిబ్రవరిలోనా?" చేతిసంచీ చంకలో పెట్టుకుని, "సరే, నేను కూర్చుని జారుకుంటూ వచ్చేస్తా. డగ్, కింద పట్టుకో."

"వద్దు!" అని నలుగురం ఒకేసారి అరిచాం. ఆ వయసులో తుంటి విరిగితే కంటి మాట దేవుడెరుగు.

డగ్ ఇంకా ఆ గుడ్డ పట్టుకునే ఉన్నాడు. ఎనభై కిలోల మనిషి వేలాడుతున్నా అది ఊడలేదు. దాన్నే చూస్తున్నాను. మా హాస్టల్లో బాత్రూముల దగ్గర పాచి పడితే గోనెసంచులు పరిచేవాళ్ళం. ఇక్కడ పొడిగా పరిస్తే జారిపోతాయి. తడిపి పరిస్తే?

"సుజాతా, మన గుమ్మం ముందున్న డోర్‌మ్యాట్ పట్రా. ఒక బకెట్ నీళ్ళు కూడా."

"మళ్ళీ నీళ్ళా?" అంది అది, ఏడుపు గొంతుతో.

మ్యాట్‌ని నీళ్ళలో ముంచి, పిండి, మొదటి మెట్టు మీద పరిచి, దాని మీద నిలబడ్డాను. నా బరువు ఒక మంచి పనికి ఉపయోగపడటం అదే మొదలు. వందదాకా లెక్కపెట్టాను. డగ్ వంగి రెండు చేతులతో లాగాడు. కదల్లేదు.

తర్వాత ఆయన వీధి వైపు తిరిగి, బస్సులో స్టాపు పేరు అరిచినట్టు అరిచాడు: "డోర్‌మ్యాట్లు తెండి! మార్గరెట్‌కి!"

ఎందుకని ఎవరూ అడగలేదు. తలుపులు తెరుచుకున్నాయి, చెప్పులతో, పైజమాలతో మనుషులు వచ్చారు. డగ్ ఇంటివి రెండు. ఒకటి కుక్క బొమ్మది. ఒకటి వెల్‌కమ్ అని రాసున్నది. ఒకావిడ తొందరలో బాత్రూములోది, గులాబీరంగు బొచ్చుది తెచ్చింది. నేను ముంచి ఇవ్వడం, డగ్ పరచడం, మురళి ఎక్కి తొక్కడం. వేళ్ళు మొద్దుబారి నావో కావో తెలియలేదు. ఏడోది పరిచేసరికి ఏడూ నలభై.

మార్గరెట్ గారు కడ్డీ ఒక చేత్తో, నన్ను ఒక చేత్తో పట్టుకుని దిగారు, డగ్ ముందు వెనక్కి నడుస్తూ. ఒక్కో మెట్టూ బూటుతో తడిమి, ఇది ఎవరిది, ఇది ఎవరిది అని అడిగారు. గులాబీరంగుది మెత్తగా తగిలినప్పుడు ఒక్క క్షణం ఆగి, "ఇది నాకు అమ్ముతుందేమో కనుక్కో" అన్నారు.

వంతెన దాటాక

పది నిమిషాలు ఆలస్యంగా చేరాం. ఆ పది నిమిషాలూ కారులో నేను మార్గరెట్ గారి మొహం చూడలేదు. నా చాదస్తం వల్ల ఒక మనిషి మళ్ళీ ఏడాది పైగా చీకట్లో వేలు పెట్టి టీ కొలుచుకోవాల్సి వస్తే ఎలాగా అని లోపల ఒకటే భయం. కౌంటరులో అమ్మాయి కంప్యూటరు చూసింది, మమ్మల్ని చూసింది.

"ఫరవాలేదు. డాక్టరు గారు కూడా ఇంకా రాలేదు. ఆయన కారు ముందు మంచు గుట్ట పడిందట, తవ్వుకుంటున్నారు."

ఆ తవ్వుకుంటున్న డాక్టరుకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

కూర్చున్నాక మార్గరెట్ గారు అడిగారు. "ఇంతకీ ఎందుకు కడిగావు?"

దిష్టి అంటే ఏమిటో, ఉప్పు ఎందుకు తొక్కకూడదో వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. నవ్వుతారనుకున్నాను. తల ఊపారు.

"మా నాయనమ్మ ఉప్పు ఒలికితే చిటికెడు తీసి ఎడమ భుజం మీంచి వెనక్కి విసిరేది. ఒకసారి తాతయ్య కంట్లో పడింది. ఆవిడ బతికుంటే నీకు మూడో బకెట్ తెచ్చి ఇచ్చేది" అన్నారు.

నర్సు వచ్చి పిలిచింది. లేస్తూ నా మోకాలి మీద తట్టి వెళ్ళారు. అప్పుడు మాత్రం ఏడ్చేశాను. పక్క కుర్చీలో ఆయన నాకు కాగితం రుమాలు ఇచ్చి, మా అమ్మగారికేమీ కాదని ధైర్యం చెప్పాడు. మా అమ్మగారు కాదని చెప్పాలనిపించలేదు.

శుక్రవారం

మర్నాడు పొద్దున్నే సుజాత ఆవిణ్ణి కంటి మీది మూత తీయించడానికి తీసుకెళ్ళింది. ఆ మ్యాట్ల మీదే దిగారు. అవి ఇంకా ఊడలేదు. మ్యాట్లు లేక వీధి వీధంతా ఇంట్లోకి పోయేటప్పుడు బూట్లు గుమ్మానికేసి కొట్టుకుంటోంది.

వాళ్ళు వెళ్ళాక మళ్ళీ నాలుగు వేళ్ళ మందాన మంచు పడింది, పడి ఆగింది, ఎండ వచ్చింది. వాళ్ళు వచ్చేలోపు మెట్లు శుభ్రం చేసేద్దామని నేను పార పట్టుకెళ్ళాను. ఈసారి నీళ్ళు లేవు, ఉప్పు ముట్టుకోలేదు. మొదటి పార ఎత్తబోతుండగా కారు వచ్చి ఆగింది.

"ఆగు" అన్నారు మార్గరెట్ గారు.

దిగి, అక్కడే నిలబడిపోయారు. ఒక కన్ను మూసుకుని చూశారు. ఆ కన్ను తెరిచి, రెండోది మూసుకుని చూశారు. మళ్ళీ ఇటు, మళ్ళీ అటు.

"ఆపరేషన్ కాని ఈ పాత కన్నుతో చూస్తే మంచు పల్చటి టీ రంగులో ఉంది" అన్నారు. "ఎన్నేళ్ళుగానో అలాగే ఉంది. ఊరు మురికైపోయిందనుకున్నాను. మంచు కూడా మునుపటిలా పడటం లేదనుకున్నాను."

నేను పార పట్టుకునే మెట్ల వైపు తిరిగి చూశాను.

"ఆ పార కింద పెట్టు. ఇప్పుడే ఎత్తొద్దు."

పార కింద పెట్టాను. అదే సమయానికి ఎదురింటి ముందు డగ్ యంత్రం బయటికి తీసి తాడు లాగాడు. అది గర్రుమని మొదలై, ఆవిడ ఇంటి వైపే రావడం మొదలెట్టింది. ఆ మోతలో ఇంగ్లీషు గుర్తు రాలేదు. రెండంతస్తుల హాస్టల్‌కి వినబడే గొంతుతో అరిచాను:

"డగ్గూ, ఆపవయ్యా! ఆవిడ చూసుకుంటున్నారు!"

ఏం అర్థమైందో, ఆపేశాడు. మా ముగ్గురినీ చూశాడు, ఆవిడ మొహం చూశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఆయన కూడా మంచు వైపు చూస్తూ నిలబడ్డాడు.